తోటకూర కట్ట – క్యాబేజీ గడ్డ

సాయంత్రం అయింది. వీధిలోకి కూరగాయల బండి వచ్చింది.

అత్త గడప దాటి బండి దగ్గరకు పోయింది. తెల్లగా, గుండ్రంగా ఉన్న క్యాబేజీ గడ్డను చేతిలోకి తీసుకుంది.

"అత్తయ్యా, తోటకూర కూడా తీసుకోండి. కట్టలు లేతగా ఉన్నాయి" అంది కోడలు గుమ్మంలోంచి. ఆమెకు ఆరో నెల.

"తోటకూర ఏముందమ్మా! గడ్డి. పెరట్లో పిచ్చిగా మొలుస్తుంది. ఒంట్లో రక్తం తక్కువ ఉందని ఆసుపత్రిలో చెప్పారు కదా. నీకు బలమైన కూర పెట్టాలి. క్యాబేజీ పెడతాను" అంది అత్త.

అత్తకు కోడలి మీద ప్రేమ ఉంది. డబ్బు ఎక్కువైనా పర్వాలేదనుకుంది. కాని లెక్క తప్పింది.

మనం కూడా చాలాసార్లు ఇలాగే అనుకుంటాం. ఖరీదు ఎక్కువ ఉంటే బలం ఎక్కువ అనుకుంటాం. చవకగా దొరికితే చులకన చేస్తాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత కూడా ఉంది. ఈ సామెత తోటకూరకు సరిగ్గా సరిపోతుంది.

అసలు ఏ కూరలో ఏముందో తెలుసుకుందాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

బలం అంటే ఏమిటి?

"బలమైన తిండి" అంటుంటాం. బలం అనేది ఒక్క వస్తువు కాదు. ఒంటికి చాలా రకాల పదార్థాలు కావాలి.

పని చేయడానికి శక్తి కావాలి. అది అన్నం, రొట్టె, జొన్న సంకటి లాంటి వాటి నుంచి వస్తుంది.

కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం నుంచి వస్తాయి.

రక్తం పట్టడానికి ఇనుము కావాలి. ఎముకలు గట్టిపడడానికి కాల్షియం కావాలి. కంటి చూపుకు విటమిన్ ఎ కావాలి. చిగుళ్లు బాగుండడానికి, గాయాలు మానడానికి విటమిన్ సి కావాలి. ఇవన్నీ చాలా కొంచెం కొంచెమే కావాలి. కాని రోజూ కావాలి. కూరగాయలు, ఆకుకూరలు మనకు ఇచ్చేవి ముఖ్యంగా ఇవే.

కాబట్టి కూరను చూసి "దీనికి బలం ఉందా" అని అడిగితే చాలదు. "దీంట్లో ఏముంది? అది నాకు కావాలా?" అని అడగాలి.

లెక్క ఎవరు చెప్పారు?

హైదరాబాదులో తార్నాక అనే చోట జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్నగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో జనం తినే తిండిలో ఏమేమి ఉన్నాయో అక్కడి శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తారు. 2017లో వాళ్లు ఆ వివరాలతో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. అందులోని లెక్కలే ఇక్కడ ఇస్తున్నాం. చదవడం తేలికగా ఉండేందుకు అంకెలను కొంచెం సరిచేశాం.

ఒక మాట ముందే తెలుసుకోవాలి. మిల్లీగ్రాము అంటే చాలా చిన్న కొలత. ఒక గ్రామును వెయ్యి భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగమే మిల్లీగ్రాము.

100 గ్రాముల పచ్చి కూరలో ఉండేవి ఇవి:

నీరు: తోటకూరలో 86 గ్రాములు. క్యాబేజీలో 92 గ్రాములు.
మాంసకృత్తులు: తోటకూరలో 3 గ్రాముల పైన. క్యాబేజీలో 1 గ్రాము పైన.
ఇనుము: తోటకూరలో 4న్నర మిల్లీగ్రాముల పైన. క్యాబేజీలో అర మిల్లీగ్రాము కూడా లేదు.
కాల్షియం: తోటకూరలో 330 మిల్లీగ్రాములు. క్యాబేజీలో 52 మిల్లీగ్రాములు.
విటమిన్ సి: తోటకూరలో 84 మిల్లీగ్రాములు. క్యాబేజీలో 33 మిల్లీగ్రాములు.
విటమిన్ ఎ తయారయ్యే కెరోటిన్: తోటకూరలో 8న్నర మిల్లీగ్రాములు. క్యాబేజీలో చాలా చాలా తక్కువ.

ఈ లెక్కను ఇంకోసారి నెమ్మదిగా చదవండి. ప్రతి వరుసలోనూ ఏది ఎక్కువ ఉందో వేలు పెట్టి చూడండి. నీరు తప్ప మిగతా అన్నింట్లోనూ తోటకూరదే పైచేయి. ఇనుము సంగతే చూడండి. కిలో క్యాబేజీ తిన్నా, 100 గ్రాముల తోటకూరలో ఉన్నంత ఇనుము అందులో ఉండదు.

ఇంత తేడా ఎందుకు?

తోటకూర ఆకు ఎండలో విచ్చుకుని ఉంటుంది. ఎండను వాడుకుని మొక్కకు తిండి తయారు చేసేది ఆకే. అందుకే అది పచ్చగా ఉంటుంది. ముదురు ఆకుపచ్చ ఉన్నచోట కెరోటిన్ కూడా బాగా ఉంటుంది.

క్యాబేజీ కూడా ఆకే. కాని దాని ఆకులు ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉంటాయి. లోపలి ఆకులకు ఎండ తగలదు. అందుకే తెల్లగా ఉంటాయి. క్యాబేజీలో కూడా పైనుండే పచ్చని ఆకుల్లోనే పోషకాలు ఎక్కువ. మనం వాటినే తీసి పారేస్తాం.

ఒక గుర్తు పెట్టుకోండి. ఆకు ఎంత పచ్చగా ఉంటే అంత మేలు. తోటకూరే కాదు. మునగాకు, మెంతికూర, పాలకూర, బచ్చలి, పొన్నగంటి, గోంగూర, అన్నీ మంచివే. రోజుకు ఒకటి మార్చి మార్చి తినవచ్చు.

రక్తం తక్కువైతే ఏమవుతుంది?

మళ్లీ మన కోడలి దగ్గరకు వద్దాం. ఆసుపత్రిలో ఆమె వేలికి సూది గుచ్చి రక్తం చూశారు. 9 ఉందన్నారు. గర్భిణికి 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. మిగతా ఆడవాళ్లకు 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత.

ఇది ఆమె ఒక్కదాని కష్టం కాదు. 2019 నుంచి 2021 వరకు ప్రభుత్వం దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. 15 ఏళ్ల నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్ల రక్తం పరీక్షించింది. ఆంధ్రప్రదేశ్‌లో 100 మందిలో సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 100 మందిలో సుమారు 58 మందికి ఉంది. అంటే మనం పదిమంది ఆడవాళ్లం చదువుకోవడానికి కూర్చుంటే, అందులో ఆరుగురికి రక్తం తక్కువే అనుకోవాలి.

నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. తల తిరుగుతుంది. పని మధ్యలో కూలబడాలనిపిస్తుంది. కళ్ల కింది రెప్ప లోపల, నాలుక, గోళ్లు పాలిపోతాయి. "ఆడదానికి నీరసం మామూలే" అని సరిపెట్టుకుంటాం. మామూలు కాదు. అది జబ్బు. గర్భిణికి రక్తం తక్కువైతే బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు. తక్కువ బరువుతో పుట్టవచ్చు. కాన్పులో రక్తం పోతే తల్లి తట్టుకోలేదు. ప్రాణానికే ముప్పు రావచ్చు.

నెలనెలా బయట చేరినప్పుడు ఆడవాళ్ల ఒంట్లోంచి రక్తం పోతుంది. దానితో పాటు ఇనుము పోతుంది. అందుకే మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఇనుము ఎక్కువ కావాలి. మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాములు కావాలని, ఆడదానికి 29 మిల్లీగ్రాములు కావాలని పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. మరి ఇంట్లో ఎవరి కంచంలో కూర ఎక్కువ పడుతోంది? ఆలోచించండి.

తోటకూర తింటే చాలా?

చాలదు. ఈ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

100 గ్రాముల తోటకూరలో ఉన్న ఇనుము 4న్నర మిల్లీగ్రాముల పైన. కావలసింది 29. పైగా ఆకుకూరలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. కొంచెమే పడుతుంది. మాంసం, చేప, కార్జం లాంటి వాటిలో ఉన్న ఇనుము బాగా పడుతుంది. వీలైనవాళ్లు అవి కూడా తినాలి. పప్పులు, సజ్జలు లాంటివి కూడా కలుపుకోవాలి.

రక్తం తక్కువ ఉందని తేలితే తిండి ఒక్కదానితో త్వరగా పెరగదు. మాత్రలు వేసుకోవాలి. గర్భిణులకు ప్రభుత్వం ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఉచితంగా ఇస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాలి. రక్తం బాగా తక్కువైతే ఎన్ని వేసుకోవాలో డాక్టరు చెబుతారు. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. భయపడవద్దు. మాత్ర ఆపవద్దు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవాలి.

మాత్ర వైద్యం. తోటకూర రోజూ తినే తిండి. మాత్రతో పెరిగిన రక్తం మళ్లీ తగ్గకుండా మంచి తిండి కాపాడుతుంది. రెండూ కావాలి.

నిమ్మకాయ స్నేహం, టీ విరోధం

ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఒక స్నేహితుడు కావాలి. ఆ స్నేహితుడు విటమిన్ సి. అది నిమ్మకాయలో ఉంటుంది. ఉసిరికాయలో, జామకాయలో బాగా ఉంటుంది. తోటకూర వండి దించాక నిమ్మకాయ పిండండి. లేకపోతే అన్నం తిన్నాక ఒక జామకాయ తినండి.

టీ, కాఫీ దీనికి విరోధులు. అవి ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగవద్దు. గంట ఆగి తాగండి. మాత్రను టీతో అసలు వేసుకోవద్దు. కాల్షియం మాత్రను, ఇనుము మాత్రను ఒకేసారి వేసుకోవద్దు. ఒకటి పగలు, ఒకటి రాత్రి వేసుకోవచ్చు.

మసక వెలుతురులో తడుముకునే పిల్లలు

కొందరు పిల్లలు పగలు బాగానే ఆడతారు. పొద్దు గూకేసరికి గడపకు తగిలి పడతారు. కంచంలో అన్నం కోసం తడుముకుంటారు. దీన్ని రేచీకటి అంటారు. విటమిన్ ఎ తక్కువైతే ఇది వస్తుంది. పట్టించుకోకపోతే చూపే పోవచ్చు. కొందరు గర్భిణులకు కూడా రేచీకటి వస్తుంది.

తోటకూరలోని కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది. అది ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె కావాలి. అందుకే తోటకూరకు ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టాలి. క్యాబేజీ ఎంత తిన్నా ఈ మేలు రాదు.

బిడ్డకు ఆరు నెలలు నిండాక పప్పులో తోటకూర వేసి, మెత్తగా ఉడికించి, అన్నంలో మెదిపి పెట్టవచ్చు. తొమ్మిది నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు వేస్తారు. అది కూడా మానకుండా వేయించాలి.

కాల్షియం సంగతి వేరు

లెక్కలో తోటకూరకు 330, క్యాబేజీకి 52 అని చదివాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తోటకూరలో ఆక్సాలిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. ఎక్కువ భాగం ఒంటికి చేరనివ్వదు. క్యాబేజీలో కాల్షియం కొంచెమే. కాని ఉన్నది బాగా పడుతుంది.

కాబట్టి ఎముకల కోసం తోటకూర ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పాలు, పెరుగు, మజ్జిగ కావాలి. రాగిజావ కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు తోటకూర, పాలకూర ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి.

మరి క్యాబేజీ పనికిరాదా?

ఎందుకు పనికిరాదు? అదీ మంచి కూరే. అందులో పీచు ఉంది. మలబద్ధకం రాకుండా చూస్తుంది. నాలుగు రోజులు నిలవ ఉంటుంది. తోటకూర ఒక్క రోజుకే వాడిపోతుంది. చలికాలంలో క్యాబేజీ చవకగా దొరుకుతుంది. దాన్ని పచ్చిగా కూడా తినవచ్చు. పచ్చిగా తింటే అందులోని విటమిన్ సి పోదు. వండితే ఏ కూరలోనైనా విటమిన్ సి చాలావరకు పోతుంది.

క్యాబేజీకి పురుగు ఎక్కువ. రైతులు మందులు కొడతారు. అన్నిటికంటే పైనున్న రెప్ప తీసేయండి. దాని కింది పచ్చని ఆకులు మాత్రం పారేయవద్దు. మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి వాడుకోండి.

క్యాబేజీ తినవచ్చు. కాని రక్తం కోసం, చూపు కోసం క్యాబేజీని నమ్ముకుంటే మోసపోతాం. తోటకూర చేసే పనిని క్యాబేజీ చేయలేదు.

వండడంలోనే ఉంది

మంచి కూర కొన్నా, వండడంలో సగం మేలు పోగొట్టుకుంటాం. ఈ జాగ్రత్తలు పాటించండి.

1. ముందు కడగండి. తర్వాత తరగండి. తరిగాక నీళ్లలో నానబెట్టవద్దు.
2. వండే ముందే తరగండి. పొద్దున తరిగి సాయంత్రం వండవద్దు.
3. నీళ్లు తక్కువ పోయండి. మూత పెట్టి ఉడికించండి.
4. ఉడికిన నీళ్లు పారబోయవద్దు. పప్పులోనో, పులుసులోనో కలపండి.
5. పచ్చరంగు కోసం వంటసోడా వేయవద్దు. విటమిన్లు పోతాయి.
6. లేత కాడలు పారేయవద్దు. పులుసు పెడితే రుచిగా ఉంటాయి.

బాలింతకు ఆకుకూర పెట్టవచ్చా?

చాలా ఇళ్లలో బాలింతకు ఆకుకూర పెట్టరు. తల్లి తోటకూర తింటే పాలు తాగే బిడ్డకు పచ్చ విరేచనాలవుతాయని అంటారు. ఇది నిజం కాదు. ఆకు పచ్చదనం పాలలోకి పోయి బిడ్డకు జబ్బు చేయదు. మురికి చేతుల వల్ల, మురికి నీళ్ల వల్ల, కడగని కూర వల్ల విరేచనాలవుతాయి. బాగా కడిగి, బాగా ఉడికించిన ఆకుకూర బాలింతకు చాలా అవసరం. కాన్పులో రక్తం పోయిన మనిషి కదా! పథ్యం పేరుతో కారం మెతుకులు పెడితే ఆమె ఎప్పటికి కోలుకుంటుంది?

పెరట్లో చిన్న మడి

తోటకూరకు ఎకరం పొలం అక్కర్లేదు. నాలుగు అడుగుల మడి చాలు. పెరడు లేకపోతే పాత తొట్టిలోనో, చిరిగిన సంచిలోనో మట్టి నింపి వేసుకోవచ్చు.

మట్టిని మెత్తగా గుల్ల చేయండి. బాగా చివికిన పెంట ఎరువు కలపండి. తోటకూర విత్తనాలు గసగసాలంత సన్నంగా ఉంటాయి. వాటిని ఇసుకలో కలిపి చల్లండి. పైన పలచగా మట్టి కప్పండి. నీళ్లు నెమ్మదిగా చిలకరించండి. సుమారు 25 నుంచి 30 రోజుల్లో కూర చేతికొస్తుంది. పది రోజులకోసారి కొంచెం కొంచెం విత్తనం చల్లితే ఎప్పుడూ కూర ఉంటుంది.

మురుగు కాలువ నీళ్లు మాత్రం పెట్టవద్దు. రోగాలు వస్తాయి.

ఆ సాయంత్రం ఏమైంది?

బండి దగ్గర ఆశా కార్యకర్త కూడా ఉంది. అత్త మాట విని నవ్వింది.

"పిన్నీ! మీ కోడలికి బలమైన కూర కావాలన్నావు కదా. అయితే ఆ కట్ట తీసుకో. క్యాబేజీ రేపు వండుకోవచ్చు" అంది. ఇప్పుడు మనం చదివిన లెక్కంతా చెప్పింది.

అత్త కాసేపు ఆలోచించింది. "అయితే ఇన్నాళ్లూ పెరట్లో దాన్ని మేకకు వేశానే!" అంది.

"మేక బాగానే ఉందిగా అత్తయ్యా!" అంది కోడలు. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ రాత్రి అత్త తోటకూర పప్పు వండింది. నిమ్మకాయ పిండింది. ఆ ఇంట్లో రోజూ మగవాళ్లు, పిల్లలు తిన్నాక ఆడవాళ్లు తింటారు. అప్పటికి గిన్నెలో అడుగున కొంచెం కూర మిగులుతుంది. కొన్నిసార్లు అదీ మిగలదు. పచ్చడి మెతుకులతోనే పొట్ట నింపుకుంటారు.

అత్త ఆ రోజు నాలుగు కంచాలూ ఒకేసారి పెట్టింది. కోడలి కంచంలో ముందు వడ్డించింది.

"నువ్వు కూడా కూర్చో అమ్మా" అన్నాడు కొడుకు.

మంచి కూర ఏదో తెలుసుకుంటే సగం పనే అయినట్లు. ఆ కూర మన కంచంలోకి వస్తేనే పని పూర్తవుతుంది. అక్కలారా, చెల్లెళ్లారా! ఇంటిల్లిపాదికీ వండి పెట్టే మనం, మన కంచం సంగతి కూడా చూసుకుందాం.

చదివాం కదా, ఇప్పుడు చెప్పండి

1. 100 గ్రాముల తోటకూరలో కాల్షియం ఎంత? క్యాబేజీలో ఎంత?
2. ఆకుకూర తిన్న వెంటనే టీ ఎందుకు తాగకూడదు?
3. ఆడవాళ్లకు ఇనుము ఎందుకు ఎక్కువ కావాలి?
4. మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారు? ఎందుకు?

మీరే రాయండి

మా ఊళ్లో తోటకూర కట్ట ధర ........ రూపాయలు.
మా ఊళ్లో క్యాబేజీ కిలో ధర ........ రూపాయలు.
ఈ వారం మా ఇంట్లో ఆకుకూర ........ రోజులు వండాను.
నా రక్తం పరీక్ష చేయించుకున్న తేదీ ........